పదో తరగతిలో సోషల్ పీరియడ్లు మ్యాథ్స్‌కు ఇస్తే తప్పేంటి?

హన్మకొండ నాన్న:
మా పాప పదో తరగతి. డిసెంబరు నుంచి సోషల్ పీరియడ్లు సగం మ్యాథ్స్, ఫిజిక్స్‌కు ఇస్తామని స్కూల్లో చెప్పారు. నాకైతే మంచిదే అనిపించింది, ఎలాగూ ఇంటర్‌లో ఎంపీసీ. సోషల్‌కు గైడు కొనిచ్చి పరీక్షల ముందు గట్టిగా కూర్చోబెడితే మార్కులు వస్తాయి. మా ఆవిడ ఒప్పుకోవట్లేదు, ఇంట్లో దీని మీదే లొల్లి. ముఖ్యంగా ఆ హిస్టరీ అంత అవసరమా? మీరేమంటారు?

గ్రూప్స్ బ్యాచ్:
అన్నా, నేనూ ఎంపీసీ, బీటెక్కే. ఇప్పుడు లైబ్రరీలో కూర్చొని మోటుపల్లి శాసనం గణపతిదేవుడు 1244 అని బట్టీ పడుతున్న. గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. రెండో పేపర్లో చరిత్ర ఉంది, నాలుగోది మొత్తం తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావమే. స్కూల్లో ఫ్రీగా చెప్పేదానికి ఇప్పుడు కోచింగ్ ఫీజు కడుతున్న.

కాజీపేట ఇంజినీర్:
తమ్ముడూ, నీదీ మార్కుల లెక్కే కదా. అందరూ గ్రూప్స్ రాయరు. మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు అయిదు పాయింట్లు రాసి ఎవరు బాగుపడ్డారో చెప్పు. హన్మకొండ అన్న చేసేది కరెక్టే.

సోషల్ సార్, ములుగు:
ఇంజినీర్ గారూ, అయిదు పాయింట్ల దగ్గర మీతో నాకు పేచీ లేదు. ఇప్పుడు పదో తరగతికి ఆరు పేపర్లే, సోషల్ మొత్తానికి ఒక్కటే, అందులో భూగోళం, ఎకనామిక్స్, సివిక్స్ పోను హిస్టరీకి మిగిలేది ఎంత? కానీ పీరియడ్ తీసేస్తే బట్టీ తగ్గదు, ఇంకా పెరుగుతుంది. టైం లేకపోతే మొదట పోయేది క్లాసులో మాట్లాడుకోవడం, చివరికి మిగిలేది గైడు.

నేనొకటి చేస్తుంటా. రుద్రమదేవి 1295-96 దాకా పాలించిందని ఒకప్పుడు రాసేవారు, ఇప్పుడు 1289 అంటున్నాం, ఎందుకు మారింది అని అడుగుతా. నెట్‌లో మార్చారు సార్ అంటాడొకడు. అప్పుడు చందుపట్ల సంగతి చెబుతా. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి ఊరు అది. అక్కడ దొరికిన శాసనంలో పువ్వుల ముమ్మడి అనే ఆయన సోమనాథదేవుడికి భూమి ఇచ్చాడు, శివలోకానికి పోయిన రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం రావాలని. తేదీ లెక్కగడితే 1289 నవంబరు. అంతే, ఎట్లా చనిపోయిందో అందులో లేదు. ఆమె మీద తిరగబడ్డ సామంతుడు అంబదేవుడితో యుద్ధంలోనే అని చాలామంది అంటారు గానీ అది మనం కలుపుకున్నది. రాతి మీద ఉన్నదెంత, మనం చేర్చిందెంత అని విడదీసి చూపిస్తే, వెనక బెంచీవాడు కూడా లేచి ‘మరి ఆ రాయించినాయన అబద్ధం రాయిస్తే?’ అంటాడు. రేపు వాట్సాప్‌లో ఏదైనా ఫార్వర్డ్ వచ్చినప్పుడు వాడు అదే మాట అడిగితే నా జీతం గిట్టినట్టే.

కాజీపేట ఇంజినీర్:
సార్, స్కూలుకు మీలాంటోళ్లు ఒక్కరున్నా నేనెందుకు మాట్లాడతా? 1948లో నిజాం లొంగిపోయిన సెప్టెంబరు 17 సంగతి చెప్పండి. కేంద్రం విమోచన దినం అంటోంది, 2022లో రాష్ట్రం సమైక్యతా దినం చేసింది, 2024లో అదే రోజు ప్రజాపాలన దినోత్సవం అయింది. పిల్ల పేపర్లో ఏది రాయాలి? దిద్దేవాళ్లది ఏ పార్టీయో ఎవరికెరుక! దీనికంటే లెక్కలు నయం, ఏ సర్కారు వచ్చినా రెండు రెళ్లు నాలుగే.

పరకాల ఆడపడుచు:
అన్నా, అందుకే కదా చదవాల్సింది. 1947 సెప్టెంబరు 2న మా పరకాలలో జాతీయ జెండా ఎగరేయబోతే నిజాం పోలీసులు కాల్పులు జరిపి జనాన్ని చంపారు, ఆ అమరధామం వాళ్ల కోసమే. అంతకు ఏడాది ముందు, 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను చంపింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు. 1948లో నిజాం లొంగిపోయాక కూడా 1951 దాకా రైతుల సాయుధ పోరాటం ఆగలేదు, అప్పుడు ఎదురుగా ఉన్నది భారత సైన్యం. పరకాల ఒక్కటే తెలిసినవాళ్లు ఒక పేరు పెడతారు, కడవెండి ఒక్కటే తెలిసినవాళ్లు ఇంకోటి. మూడూ తెలిసిన పిల్ల పేపర్లో ఏది రాసినా నాకు భయం లేదు. అయినా ఇది ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీకి పోయే పిల్లలకు ఎవరు చెబుతారు? పదిలో దాటిపోతే మళ్లీ హిస్టరీ క్లాసన్నదే ఉండదు వాళ్లకు.

కాజీపేట ఇంజినీర్:
చెల్లె మాటకు కాదనను. మా బాబు టెక్స్ట్‌బుక్ తీసి చూస్తా, మీరన్న మూడూ ఎంత వరకు ఉన్నాయో. గైడులోనైతే తేదీలే ఉన్నాయి.

హన్మకొండ నాన్న:
మ్యాథ్స్ విషయంలో నేను తగ్గను, మొదటే చెబుతున్నా. కావాలంటే సాయంత్రం ఓ గంట ఎక్స్‌ట్రా క్లాసు పెట్టుకోమంటా. సోషల్ పీరియడ్లు మాత్రం ముట్టుకోవద్దని వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో అడుగుతా, హన్మకొండవాళ్లు ఇంకెవరైనా తోడొస్తే బాగుంటుంది, ఒక్కడినే అడిగితే ఎవరూ వినరు. సోషల్ సార్, ఆ చందుపట్ల శాసనం ఏం చెబుతుందో మొత్తం తెలుగులో రాసి ఇక్కడ పెడతారా? మా ఆవిడ చదువుతానంటోంది.