యుఫోర్బియా ముళ్ల కొమ్మలు నాటిన ప్రతిసారీ కుళ్ళిపోతున్నాయి, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

కూకట్‌పల్లి బాల్కనీ:
అందరికీ నమస్కారం. రాజమండ్రిలో మా అత్తగారింట్లో ఇరవై ఏళ్ల నాటి యుఫోర్బియా ఉంది, క్రౌన్ ఆఫ్ థార్న్స్ అంటారు కదా, ఒళ్లంతా ముళ్లు, కొమ్మ చివర చిన్న ఎర్ర పూలు. ఆ ఇల్లు అమ్మేస్తున్నారు, చెట్టేమో సిమెంటు తొట్టిలో పాతుకుపోయింది, కదిపే వీలు లేదు. జూలైలో నాలుగు కొమ్మలు, ఆగస్టులో మూడు తెచ్చాను. తెచ్చిన రోజే నాటి, ఎండిపోతాయేమోనని పొద్దునా సాయంత్రం నీళ్లు పోశాను. ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), వర్మీకంపోస్ట్ సమానంగా కలిపాను. పది రోజులకే ఆకులు రాలి, మొదలు నల్లబడి మెత్తగా అయిపోయింది. ఏడూ పోయాయి. దసరాకి మళ్ళీ వెళ్తున్నాను, ఈసారి ఒక్కటైనా బతకాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

విశాఖ మిద్దెతోట:
మీరు ఎక్కువ ప్రేమ చూపించారు అక్కా, అంతే. కోసిన చోటు పచ్చిగా ఉండగానే తడి మట్టిలో పెడితే ఆ గాయంలోంచే కుళ్ళు ఎక్కుతుంది. దీని సొంతూరు మడగాస్కర్, ఎండలో, రాళ్ల మధ్య పెరిగే మొక్క, కాండంలోనే నీళ్లు దాచుకుంటుంది కాబట్టి వారం రోజులు మట్టి లేకపోయినా చావదు.

నాలుగు నుంచి ఆరు అంగుళాల ముదురు కొమ్మ తీసుకోండి, లేత చివర్లు వద్దు. కోయగానే తెల్లటి పాలు కారతాయి, ఆ చివరను మామూలు నీళ్లలో ముంచితే ఆగుతాయి. పూలూ, కింది ఆకులూ తీసేసి నీడలో, గాలి తగిలేచోట వారం ఆరబెట్టండి, విశాఖలాంటి ఉక్క ఊళ్లో అయితే పది రోజులు. కోసిన చోట పుండు మానినట్టు పక్కు కట్టాలి. సాఫ్ అనే బూజు మందు పొడి అద్దితే మంచిదే, కానీ అద్దాం కదా అని ఆరబెట్టడం మానకండి.

పాల విషయంలో మాత్రం జాగ్రత్త. చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు పెట్టుకోండి, నేను ఒకసారి అద్దాలు లేకుండా కోస్తే చుక్క ఎగిరి కంట్లో పడింది, రాత్రంతా మంటతో నిద్ర లేదు, మర్నాడు కంటి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను. పడితే వెంటనే పావుగంట ధారగా నీళ్లతో కడిగి డాక్టర్‌కి చూపించాలి. పిల్లలూ కుక్కలూ తిరిగేచోట కోసిన ముక్కలు వదలొద్దు.

అనంతపురం పెరటి తోట:
మేము ఆరబెట్టేది గీరబెట్టేది ఏమీ లేదు, కంచె పక్కన కొమ్మ విరిచి గుచ్చితే వచ్చేస్తుంది. పదేళ్లుగా అలాగే.

విశాఖ మిద్దెతోట:
మీ ఊరి గాలే ఆరబెట్టేస్తుంది అన్నా, మీ నేలలో నీళ్లు నిలవవు. కూకట్‌పల్లిలో వానాకాలం, కుండీలో కోకోపీట్ ఉంటే ఆ పద్ధతి పనిచేయదు. అక్కా, కోకోపీట్ అసలు వద్దు, అది తడిని పట్టుకుని కూర్చుంటుంది. సగం దొడ్డు ఇసుక, చిదిపిన ఇటుక ముక్కలు, మిగతా సగం ఎర్రమట్టి, అందులో కొంచెం కంపోస్ట్. చిన్న మట్టి కుండీ, అడుగున చిల్లు తప్పనిసరి. నాటాక నాలుగైదు రోజులు నీళ్లు పోయకండి, ఆ తర్వాత మట్టి లోపలిదాకా పొడిగా అయ్యాకే కొంచెం. వేళ్లు రావడానికి నెల, నెలన్నర పడుతుంది, లాగి చూడొద్దు, కొత్త చిగురు వస్తే వేరు పట్టినట్టే. ఈలోపు ఆకులు రాలినా భయపడొద్దు, కాండం గట్టిగా ఉంటే చాలు. రాలిన చోట మళ్ళీ ఆకు రాదు, కొత్త ఎదుగుదల మీదే వస్తుంది.

కడియం వైపు:
నాదీ ఒక ప్రశ్న. నర్సరీలో కొన్న ఎర్ర బంతిలాంటి మూన్ కాక్టస్ పైభాగం పిలక తీసి మట్టిలో పెడితే వాడిపోయింది. ఎందుకు?

అనంతపురం పెరటి తోట:
ఆ ఎర్రబంతిలో ఆకుపచ్చ పదార్థం లేదండి, తన ఆహారం తాను చేసుకోలేదు. కింద ఉన్న పచ్చ కాండం, సాధారణంగా డ్రాగన్ ఫ్రూట్ జాతిది, దాన్ని పోషిస్తుంది. పిలకను మళ్ళీ అలాంటి కాండం మీద అంటు కట్టాలి, మట్టిలో బతకదు.

కూకట్‌పల్లి బాల్కనీ:
చాలా థాంక్స్. దసరాకి వెళ్లి పది కొమ్మలు కోసి, న్యూస్‌పేపర్‌లో చుట్టి తెస్తాను. మా బాల్కనీలో పొద్దున పది దాకానే ఎండ, పూస్తుందా?

విశాఖ మిద్దెతోట:
బతుకుతుంది, పూలు తక్కువ వస్తాయి. కనీసం నాలుగైదు గంటల ఎండ కావాలి, మిద్దె మీద చోటుంటే వేరు పట్టాక అక్కడ పెట్టండి. ఇంకొకటి, ఇల్లు అమ్మడానికి ఇంకా టైముంటే అన్నీ ఇప్పుడే కోయకండి, కొన్ని ఫిబ్రవరికి ఉంచండి, వాన ఉండదు, ఎండ ముదురుతుంది, అప్పుడు వేరు ఇంకా బాగా పడుతుంది.