ప్రొడక్షన్‌లో ఓపీక్యాష్ టైమ్‌స్టాంప్ చెక్ ఆపేయాలా, ఉంచాలా?

కంచుకాగడా
పీహెచ్‌పీ 8.3, ఎంజిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్), ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీ ప్రాసెస్‌లను, అంటే వర్కర్లను నడిపేది) మీద నడిచే లారవెల్ (పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) సైటు గురించి ఈ చర్చ. కంపైల్ చేసిన పీహెచ్‌పీ కోడ్‌ను మెమరీలో దాచే ఓపీక్యాష్ కాన్ఫిగరేషన్‌లో వ్యాలిడేట్_టైమ్‌స్టాంప్స్ డిఫాల్ట్‌గా 1. అంటే ఫైలు మారిందా లేదా అని పీహెచ్‌పీ డిస్క్‌ను అడుగుతూ ఉంటుంది. సింఫనీ (మరో పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) వాళ్ళ డాక్యుమెంటేషన్ ప్రొడక్షన్‌లో (యూజర్లు వాడే అసలు సర్వర్‌లో) దాన్ని 0 చేయమంటుంది. నా వాదన కూడా అదే. డిప్లాయ్ చేసినప్పుడే (కొత్త కోడ్ సర్వర్‌కు ఎక్కించినప్పుడే) కోడ్ మారుతుంది కదా, మిగతా రోజంతా డిస్క్‌ను అడగడం దేనికి? వేగం ఊరికే వస్తుంటే వదులుకోవడమెందుకు? కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

పెన్నాతీరం
ఎంత వేగం వస్తుందో లెక్క చూశారా, కాగడా గారూ? చెక్ 1 లో ఉన్నా ప్రతి రిక్వెస్ట్‌కూ ప్రతి ఫైలునూ తడమదు. ఎన్ని సెకన్లకోసారి చూడాలో చెప్పే రీవ్యాలిడేట్_ఫ్రీక్ డిఫాల్ట్ 2 సెకన్లు. పైగా ఆఖరిసారి ఎప్పుడు చూశామన్నది షేర్డ్ మెమరీలో ఉంటుంది కాబట్టి ఒక వర్కర్ చూసిందంటే మిగతావాటికీ ఆ 2 సెకన్లు చెల్లుతుంది. ఒక రిక్వెస్ట్‌కు 600 ఫైళ్ళు లోడ్ అవుతాయనుకోండి. మొత్తం పూల్‌కు కలిపి సెకనుకు దాదాపు 300 స్టాట్ కాల్స్ (ఫైలు వివరాలు అడగడాలు). సర్వర్ సొంత డిస్క్ మీద, కెర్నల్ క్యాష్‌లోంచి, ఒక్కోటి మైక్రోసెకన్లలో అయిపోతుంది. దీన్ని ఏ లోడ్ టెస్ట్‌లోనూ మీరు గుర్తుపట్టలేరు.

కోడ్ ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద పంచుకునే డిస్క్) మీద ఉంటే కథ వేరు. అక్కడ స్టాట్ అంటే నెట్‌వర్క్ మీద పోయి రావడం. అప్పుడు 0 చేయండి, లేదా ఫ్రీక్‌ను 60 చేయండి. ఫ్రీక్‌ను 0 చేస్తే చెక్ ఆగిపోతుందనుకునేవాళ్ళూ ఉన్నారు. జరిగేది సరిగ్గా దానికి తలకిందులు, ప్రతి రిక్వెస్ట్‌కూ చూస్తుంది.

చింతచిగురు
పెన్నా గారి లెక్క ఒప్పుకుంటా. కానీ 0 పెట్టేది వేగం కోసమని ఎవరన్నారు? కొత్త కోడ్ ఎప్పుడు అమల్లోకి రావాలో మన చేతిలో ఉండాలని పెడతాం. చెక్ 1 లో ఉండి, ఉన్న ఫోల్డర్ మీదే ఆర్‌సింక్ (ఫైళ్ళు కాపీ చేసే కమాండ్) కొట్టారనుకోండి. ఒక్కో ఫైలు 2 సెకన్ల గడువు ఒక్కో సమయంలో తీరుతుంది. కంట్రోలర్ కొత్తది, అది పిలిచే సర్వీస్ క్లాస్ పాతది. ఆ రెండు మూడు సెకన్లలో వచ్చిన యూజర్లకు ‘అన్‌డిఫైన్డ్ మెథడ్’ ఎర్రర్లు. 0 లో ఉంటే ఎఫ్‌పీఎంను రీలోడ్ (మళ్ళీ మొదలు) చేసేదాకా అంతా పాతదే.

సున్నాఒకటి
అంతా పాతదే అన్నారు చూడండి, తప్పు అక్కడే ఉంది. 0 పెట్టినంత మాత్రాన మీ కోడ్‌కు ఫొటో తీసి దాచినట్టు కాదు. క్యాష్‌లో ఇప్పటికే ఉన్న ఫైళ్ళు మాత్రమే పాతవిగా ఉంటాయి. ఇంతవరకూ ఎవరూ తాకని పేజీ, నెలకోసారి వాడే రిపోర్ట్ క్లాస్, అలాంటివి మొదటిసారి లోడ్ అయినప్పుడు డిస్క్ మీదున్న కొత్త ఫైలే కంపైల్ అవుతుంది. కాబట్టి ఆర్‌సింక్‌కూ రీలోడ్‌కూ మధ్య కలగాపులగం ఇక్కడా ఉంటుంది. రీలోడ్ మరచిపోతే ఆ మధ్య కాలం రోజులకు సాగుతుంది, అదింకా ఘోరం. ఉన్న ఫోల్డర్ మీద కాపీ చేసే డిప్లాయ్‌ను ఈ సెట్టింగ్ కాపాడదు, 0 అయినా 1 అయినా.

అసలు మందు: ప్రతి రిలీజ్‌కూ వేరే ఫోల్డర్, తాజా ఫోల్డర్‌ను చూపే ‘కరెంట్’ అనే సిమ్‌లింక్ (షార్ట్‌కట్ లాంటిది). ఎంజిన్‌ఎక్స్‌లో స్క్రిప్ట్_ఫైల్‌నేమ్‌కు డాక్యుమెంట్_రూట్ బదులు రియల్‌పాత్_రూట్ (సిమ్‌లింక్ వెనకున్న అసలు దారి) ఇవ్వండి. డాక్యుమెంట్_రూట్‌కు కూడా అదే విలువ పంపండి. లేకపోతే పీహెచ్‌పీకి వెళ్ళే దారి ఎప్పుడూ ‘కరెంట్’ పేరుతోనే ఉంటుంది, దాన్ని ఒక్కో వర్కర్ తన రియల్‌పాత్ క్యాష్‌లో డిఫాల్ట్‌గా 120 సెకన్లు దాచుకుంటుంది. సిమ్‌లింక్ మార్చాక ఒక వర్కర్ పాత రిలీజ్, ఇంకోటి కొత్తది చూపిస్తుంటే కారణం ఇదే. రియల్‌పాత్_రూట్ ఇస్తే కొత్త రిలీజ్ ఫైళ్ళన్నీ కొత్త దారులతో వస్తాయి, ఓపీక్యాష్‌కు అవి కొత్త ఫైళ్ళే. అప్పుడు టైమ్‌స్టాంప్ చెక్ 0 అయినా 1 అయినా తేడా పడదు.

పెన్నాతీరం
అలాగైతే రీలోడ్ కూడా అక్కర్లేదంటారా?

సున్నాఒకటి
కావాలి, మెమరీ కోసం. ఓపీక్యాష్‌కు పాత సరుకును బయటికి నెట్టే అలవాటు లేదు. పాత రిలీజ్ స్క్రిప్ట్‌లు దాని దృష్టిలో ‘వృథా’ కూడా కాదు, ఎందుకంటే వాటిని ఎవరూ రద్దు చేయలేదు. అయిదారు డిప్లాయ్‌లకు 128 ఎంబీ నిండుతుంది. నిండాక తనే రీస్టార్ట్ అవ్వాలంటే వృథా మెమరీ మ్యాక్స్_వేస్టెడ్_పర్సెంటేజ్ (డిఫాల్ట్ 5 శాతం) దాటాలి. ఇక్కడ వృథా దాదాపు సున్నా, కాబట్టి రీస్టార్ట్ కాదు. చోటు దొరకని కొత్త ఫైళ్ళు ప్రతి రిక్వెస్ట్‌కూ మళ్ళీ మళ్ళీ కంపైల్ అవుతాయి. ఎర్రర్ లాగ్ శుభ్రంగా ఉంటుంది, సీపీయూ మాత్రం పైకి పోతుంది.

గోళీసోడా
మధ్యలో ఒక ప్రశ్న. రీలోడ్ ఎందుకు, డిప్లాయ్ స్క్రిప్ట్ చివర కమాండ్ లైన్‌లో ఓపీక్యాష్_రీసెట్ పిలిస్తే చాలదా?

చింతచిగురు
చాలదు. కమాండ్ లైన్ పీహెచ్‌పీ ప్రాసెస్ వేరు, ఎఫ్‌పీఎం షేర్డ్ మెమరీ వేరు. కమాండ్ లైన్‌లో ఓపీక్యాష్ డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉండదు. ఆన్ చేసినా మీరు తుడిచేది ఆ ఒక్క కమాండ్ సొంత క్యాష్‌నే. ఎఫ్‌పీఎం సాకెట్‌కు నేరుగా ఫాస్ట్‌సీజీఐ రిక్వెస్ట్ పంపే క్యాష్‌టూల్ లాంటిదైతే పని చేస్తుంది. కానీ రద్దీ వేళ రీసెట్ మంచిది కాదు: క్యాష్‌ను వాడుతున్న ప్రాసెస్‌లన్నీ ఖాళీ అయ్యేదాకా కొత్త రిక్వెస్ట్‌లు క్యాష్ లేకుండానే నడుస్తాయి. ఆ ఎదురుచూపుకు పై హద్దు ఫోర్స్_రీస్టార్ట్_టైమౌట్, 180 సెకన్లు.

కంచుకాగడా
అందుకే ఎఫ్‌పీఎం రీలోడ్. అది ఎవరినీ ఇబ్బంది పెట్టదు కదా.

పెన్నాతీరం
డిఫాల్ట్‌లతో పెడుతుంది. నడుస్తున్న వర్కర్ల కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే ప్రాసెస్_కంట్రోల్_టైమౌట్ విలువ 0. రీలోడ్ కొట్టగానే నడుస్తున్న రిక్వెస్ట్‌లు మధ్యలో తెగిపోతాయి, ఎంజిన్‌ఎక్స్ 502 ఎర్రర్ చూపిస్తుంది. సరే అని 30 సెకన్లు ఇచ్చారనుకోండి. ఖాళీగా ఉన్న వర్కర్లు వెంటనే వెళ్ళిపోతాయి, మాస్టర్ మాత్రం ఆఖరి వర్కర్ ముగించేదాకా మళ్ళీ మొదలవదు. 25 సెకన్ల ఎక్సెల్ ఎక్స్‌పోర్ట్ ఒక్కటి నడుస్తుంటే, ఆ 25 సెకన్లూ వచ్చినవాళ్ళంతా సాకెట్ దగ్గర క్యూలో నిలబడాలి. నేనైతే 5 నుంచి 10 సెకన్లు పెట్టి, పొడుగు పనులను క్యూ వర్కర్‌కు (వెనక విడిగా పనులు చేసే ప్రాసెస్‌కు) పంపేస్తా. (ఆ క్యూ వర్కర్లకు ఎఫ్‌పీఎం రీలోడ్ సంగతి తెలియదు, వాటికి క్యూ రీస్టార్ట్ విడిగా కొట్టాలి. ఇది మరచిపోయి ఓపీక్యాష్‌ను తిట్టేవాళ్ళు బోలెడుమంది.)

గోళీసోడా
వర్డ్‌ప్రెస్ సైట్లకు? అడ్మిన్ నుంచే ప్లగిన్లు అప్‌డేట్ చేస్తుంటారు, రీలోడ్ చేసేవాళ్ళెవరూ ఉండరు.

పెన్నాతీరం
వర్డ్‌ప్రెస్‌కు 1 ఉంచండి, వాదన లేదు. నిజానికి వర్డ్‌ప్రెస్ 5.5 నుంచి అప్‌డేట్ చేసిన ఫైళ్ళను తనే ఇన్వాలిడేట్ (క్యాష్‌లో రద్దు) చేస్తుంది, చెక్ 0 లో ఉన్నా అది పని చేస్తుంది. కానీ హోస్టింగ్ వాళ్ళు రెస్ట్రిక్ట్_ఏపీఐ (ఓపీక్యాష్ ఫంక్షన్లను ఎవరు పిలవొచ్చో కట్టడి చేసే సెట్టింగ్) పెట్టి ఉంటే ఆ పిలుపు చెల్లదు. క్రాన్‌లో (వేళకు తనే నడిచే పనిగా) వర్డ్‌ప్రెస్ కమాండ్ లైన్ టూల్ డబ్ల్యూపీ-సీఎల్ఐతో అప్‌డేట్ చేస్తే అది కమాండ్ లైన్ ప్రాసెస్, ఎఫ్‌పీఎం క్యాష్‌ను తాకలేదు. ఇక ఎఫ్‌టీపీలో ఫైలు మార్చి ‘మార్పు కనిపించట్లేదు’ అని ఫోన్ చేసే క్లయింట్ సంగతి చెప్పనక్కర్లేదు.

చింతచిగురు
లారవెల్‌లోనూ ఒక ఉచ్చు ఉంది. డిప్లాయ్ లేకుండా ఎన్వ్ ఫైల్‌లో (సైటు సెట్టింగులుండే ఫైల్‌లో) ఒక విలువ, పాస్‌వర్డ్ అనుకోండి, మార్చి కాన్ఫిగ్ క్యాష్ కమాండ్ కొడతారు. అది తయారుచేసేది కూడా ఒక పీహెచ్‌పీ ఫైలే, అదే దారిలో. చెక్ 0 అయితే వెబ్‌లో పాత పాస్‌వర్డే నడుస్తుంటుంది, కమాండ్ లైన్‌లో మాత్రం కొత్తది కనిపిస్తుంది. అయినా నా ఓటు 0 కే. ఆ కమాండ్ తర్వాత రీలోడ్ చేయడం ఒక లైను పని.

సున్నాఒకటి
1 మీద నమ్మకం పెట్టుకున్నవాళ్ళకూ ఒక మాట. చెక్ పోల్చేది ఫైలు మారిన సమయాన్ని, లోపలి కోడ్‌ను కాదు. బిల్డ్ ప్రతిసారీ ఒకేలా రావాలని ఫైళ్ళన్నిటికీ ఒకే స్థిరమైన తేదీ వేసే టూల్స్ ఉన్నాయి. అలా వచ్చిన ఫైలును పాతదాని మీద పెడితే సమయం అదే, కాబట్టి ‘మారలేదు’ అనేస్తుంది. డాకర్‌లో (యాప్‌ను కంటైనర్‌లో పెట్టి నడిపే పద్ధతిలో) ఈ గొడవంతా లేదు. కొత్త ఇమేజ్ అంటే కొత్త కంటైనర్, కొత్త మెమరీ. అక్కడ 0 పెట్టండి, మీన మేషాలు లెక్కించకండి. పీహెచ్‌పీ 7.4 నుంచి ఉన్న ప్రీలోడ్ (సర్వర్ మొదలైనప్పుడే ఫైళ్ళను మెమరీలోకి ఎక్కించడం) వాడుతుంటే 1 వల్ల ఒరిగేదీ లేదు. ప్రీలోడ్ చేసిన ఫైళ్ళు రీస్టార్ట్ అయ్యేదాకా మారవు.

కంచుకాగడా
సరే, వేగం అన్న నా వాదన వెనక్కి తీసుకుంటున్నా. రిలీజ్ ఫోల్డర్లు, రియల్‌పాత్_రూట్, 0, చివర రీలోడ్. నిజంగా వేగం కావాలంటే ఎక్కడ చూడాలి?

పెన్నాతీరం
క్యాష్‌కు చోటు సరిపోతోందా అన్నది ముందు చూడండి. ఓపీక్యాష్_గెట్_స్టేటస్‌ను వెబ్ నుంచే పిలవండి, ఆ పేజీని బయటివాళ్ళు చూడకుండా మూసి ఉంచండి. క్యాష్_ఫుల్ ‘ట్రూ’ అయితే మెమరీ_కన్సంప్షన్‌ను 128 నుంచి 256 చేయండి. నమ్_క్యాష్డ్_కీస్ (క్యాష్‌లో నమోదైన ఫైలు దారుల లెక్క) గరిష్ఠానికి దగ్గరపడితే మ్యాక్స్_యాక్సిలరేటెడ్_ఫైల్స్ పెంచండి. మీరిచ్చిన అంకె నేరుగా వాడుకోదు, తన జాబితాలో దానికి సరిపోయే తర్వాతి ప్రధాన సంఖ్యకు వెళుతుంది. 10000 అంటే 16229, 20000 అంటే 32531. 12000 పెట్టినా 16000 పెట్టినా అదే 16229 కాబట్టి వాటితో కుస్తీ పట్టకండి. ఒకే ఫైలును రెండు దారుల్లో పిలిస్తే రెండు కీలు పడతాయి, అందుకే ఫైళ్ళ లెక్కకంటే కాస్త పైనే ఉంచండి.

పదే పదే వచ్చే పేర్లు, స్ట్రింగ్‌లు దాచే ఇంటర్న్డ్_స్ట్రింగ్స్_బఫర్ డిఫాల్ట్ 8 ఎంబీ పెద్ద ఫ్రేమ్‌వర్క్‌కు తొందరగా నిండుతుంది, 16 లేదా 32 చేయండి. అది మెమరీ_కన్సంప్షన్‌లోంచే కోసుకుంటుంది, కాబట్టి 128 లో 32 ఇస్తే స్క్రిప్ట్‌లకు మిగిలేది 96. సేవ్_కామెంట్స్ జోలికి వెళ్ళకండి, డాక్‌బ్లాక్ అనోటేషన్లు (కోడ్ పైన కామెంట్లలో రాసే సూచనలు) చదివే లైబ్రరీలు విరిగిపోతాయి.

చింతచిగురు
ఓఓఎం_రీస్టార్ట్స్ (మెమరీ చాలక జరిగిన రీస్టార్ట్‌లు), హ్యాష్_రీస్టార్ట్స్ (కీలకు చోటు చాలక జరిగినవి) అంకెలు కూడా చూడమనండి. రెండూ రీలోడ్ తర్వాత వారం రోజులు 0 దగ్గరే ఉండాలి. హిట్ రేట్ 99 ఉంది కదా అని ఊరుకుంటే కుదరదు. నిండిపోయిన క్యాష్‌లోనూ ముందు చేరిన ఫైళ్ళకు హిట్లు పడుతూనే ఉంటాయి, ఆ 99 కింద కొత్త రిలీజ్ ఫైళ్ళ మిస్‌లు కనబడకుండా పోతాయి.