స్పీకర్ల ఎంపిక, బేరం: అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరా?

హైదరాబాద్‌లో ఉంటున్నాం. 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవున్న హాలులో 70 వేల రూపాయల లోపు స్టీరియో అమర్చుకోవాలి. నాన్నగారు వినేది ఎక్కువగా కర్ణాటక సంగీతమే. మృదంగంలో ఎడమవైపు దెబ్బ గుమ్మని నిండుగా పలకాలి, వయొలిన్ మాత్రం చెవిలో గుచ్చుకోకూడదు. ఆయన ప్రాణంగా దాచుకున్న ఎల్పీ రికార్డులు ఉన్నాయి. అందుకే రికార్డు ప్లేయర్‌ను నేరుగా కలుపుకోగల ఫోనో ఇన్‌పుట్ ఉన్న యమహా ఏ-ఎస్301 యాంప్లిఫయర్ వైపు మొగ్గుతున్నాను. 8 ఓమ్‌ల దగ్గర చానెల్‌కు 60 వాట్లు మా గదికి ధారాళంగా సరిపోతాయి.

స్పీకర్ల దగ్గరే ఎటూ తేలడం లేదు. ఒక జత సెన్సిటివిటీ (అంటే ఇచ్చిన పవర్‌కు ఎంత శబ్దం వస్తుందో) 85 డెసిబెల్స్, మరొకటి 88. ఆ 3 డెసిబెల్స్ తేడాతో రెండో జతకు అంతే శబ్దానికి సగం పవర్ చాలు. అయినా గాత్రం సహజంగా వినిపించింది మొదటి జతలోనే. మీరైతే ఏది తీసుకుంటారు?

కోఠి గుజరాతీ గల్లీలో ఒక దుకాణదారు బిల్లు వద్దంటే ఐదు వేలు తగ్గిస్తానన్నారు. వారంటీ వదులుకోవడానికి నేను ససేమిరా ఒప్పుకోను. బిల్లుతోనే, అన్నీ ఒకేచోట కొంటే ఎంతవరకు తగ్గించమని అడగవచ్చు? ధర దిగకపోతే స్టాండ్లు, స్పీకర్ వైరు ఉచితంగా ఇమ్మనవచ్చా? డెమోకు వాడిన జత తక్కువకు ఇస్తే తీసుకోవచ్చా, కొనేముందు అందులో ఏమేం పరీక్షించాలి?