బిడ్డ కాపలాలో అలసిపోతున్న తల్లికి తక్కువ ఖర్చులో ఊరట ఎలా?

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. పదిహేడేళ్ల మా అబ్బాయికి బైపోలార్ రుగ్మత (కొన్నాళ్లు విపరీతమైన ఉద్రేకం, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు ఉండే మానసిక జబ్బు) ఉందని రెండేళ్ల క్రితం తేలింది. లిథియం వాడుతున్నందున మందులతో పాటు అప్పుడప్పుడు రక్తపరీక్షల ఖర్చు కూడా తప్పదు. మావారు ప్రైవేటు బస్సు డ్రైవరు, నేను ఇంట్లోనే బట్టలు కుడతాను కనుక, నా కోసమంటూ నెలకు 300 రూపాయలకు మించి ఖర్చు చేయలేను.

ఉద్రేకం పెరిగిన రోజుల్లో వాడు తెల్లవారుజాము దాకా నిద్రపోడు. ఎక్కడ బయటకు వెళ్లిపోతాడోనని నేనూ తలుపు దగ్గరే కూర్చుంటాను. ఈ కాపలాతో నాకు రక్తపోటు మొదలైంది, చిన్న మాటకే కోపం వస్తోంది, ఆ కోపమంతా ఏ పాపమూ ఎరుగని మా చిన్నమ్మాయి మీద పడుతోంది. గుడికి వెళ్లి మనసు కుదుటపరచుకోమని బంధువులు చెబుతారు గానీ, ఆ గంటసేపు వాడి దగ్గర ఎవరుంటారో మాత్రం చెప్పరు.

ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్‌కు, అంటే మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 నంబరుకు, ఒకసారి ఫోన్ చేశాను. డబ్బు అడగలేదు, తెలుగులోనే మాట్లాడారు. వాడి సంగతి కాక నా నిద్ర గురించి అడిగిన మొదటి మనిషి ఆ ఫోన్లో మాట్లాడిన ఆవిడే.

ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులు రాత్రి కాపలాను ఇంట్లో ఎలా పంచుకుంటున్నారు? మావారు రాత్రి డ్యూటీలో ఉన్నప్పుడు ఏం చేయాలి? వరంగల్ పరిసరాల్లో తల్లిదండ్రులు కలిసి మాట్లాడుకునే ఉచిత బృందాలు ఏమైనా ఉన్నాయా? రోజుకు ఇరవై నిమిషాలే దొరికితే మీకు నిజంగా పనికొచ్చినదేమిటో దయచేసి చెప్పండి.