అప్‌డేట్: ప్రయాణ గడియారం ఇంగ్లండ్‌లో తయారైనదే

ఇత్తడి చట్రం, గాజు పలకలు, పైన పిడి ఉన్న మా పాత ప్రయాణ గడియారం ఇంగ్లండ్‌లోనే తయారైందా, లేక ఫ్రాన్స్‌లో చేయించి లండన్ వ్యాపారి పేరు వేసి అమ్మినదా అని ఇంతకు ముందు అడిగాను. లోపల ఫ్యూజీ ఉందేమో చూడమన్న వారికి కృతజ్ఞతలు. పాత గడియారాలు బాగుచేసే నిపుణుడు దాన్ని విప్పగా, ఫ్యూజీ, దాని గొలుసు రెండూ చెక్కుచెదరకుండా కనిపించాయి.

ఫ్యూజీ అంటే ఒంటినిండా మురి గాడి ఉన్న, శంకువు ఆకారపు కప్పీ. కీ నిండుగా ఇచ్చినప్పుడు స్ప్రింగు గట్టిగా లాగుతుంది కాబట్టి గొలుసు సన్నని కొస నుంచి పనిచేస్తుంది. స్ప్రింగు సడలేకొద్దీ వెడల్పు వైపునకు జరుగుతుంది. అందువల్ల చక్రాలకు అందే బలం దాదాపు ఒకేలా ఉంటుంది. ఫ్రెంచి ప్రయాణ గడియారాల్లో సాధారణంగా ఈ ఏర్పాటు ఉండదు.

గొలుసును భూతద్దంలో చూశాను. సైకిలు చెయిను లాంటి అల్లికే, కానీ రివెట్లు కంటికి ఆనవు. ఇంగ్లండ్‌లో ఇటువంటి గొలుసులకు క్రైస్ట్‌చర్చ్ పట్టణం పేరుపొందింది. 1790 ప్రాంతంలో అక్కడ మొదలైన ఆ పనిని ఎక్కువగా స్త్రీలు, బాలికలే చేసేవారు. ఈ గడియారపు పనితనాన్ని మెచ్చుకునేటప్పుడు డయల్ మీది పేరు కన్నా ముందు అటువంటి వారిని తలచుకోవాలని నా అభిప్రాయం.

ప్రస్తుతం గడ్డకట్టిన పాత నూనెను తీయించి యంత్రాన్ని శుభ్రం చేయిస్తున్నాము. చట్రానికి మాత్రం మెరుగు పెట్టించడం లేదు, ఎందుకంటే రుద్దితే బంగారు పూత అరిగిపోతుంది.