సమస్య: తప్పు జూపెడు గడియార మొప్పు సుమ్మి

నిర్వాహకులు:
ఈ వారం పాదం ఇదిగో. దీన్ని నాలుగో పాదంగా పెట్టి తేటగీతి (తే.గీ.) పద్యం పూరించాలి. ఎప్పటిలా మన విశాఖ పేటల పేర్లతోనే రాయండి.

తప్పు జూపెడు గడియార మొప్పు సుమ్మి

సెలవులకు వెళ్ళేటప్పుడు ఏ వాచీ పెట్టుకోవాలి, ఏది బీరువాలో ఉంచాలి అని పోయిన వారం మనలో మొదలైన వాదం ఇంకా తెగలేదు. అది వింటుంటేనే ఈ పాదం తట్టింది, తట్టినప్పటి నుంచి నన్ను వదలడం లేదు. పద్యంలో వాచీ ఉండాలి, ప్రయాణం ఉండాలి. ఆగిపోయిన గడియారం రోజుకు రెండుసార్లు ఒప్పు అన్న పాత మాటతో పూరించినవి మాత్రం తీసుకోను. దాన్ని అందరూ అరగదీసేశారు.

లాసన్స్ బే:
తే.గీ.
సింగపూరున దిగినను చేతి వాచి
ముల్లు త్రిప్పను, మాయింట ముద్దదినెడు
వేళ యెరిగి మా యమ్మను పిలువవలయు
తప్పు జూపెడు గడియార మొప్పు సుమ్మి

సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందు. అక్కడ రాత్రి పదిన్నర అయితే ఇక్కడ ఎనిమిది, అమ్మ కంచం ముందు కూర్చునే వేళ. అక్కడి టైము ఫోను దానంతటదే చూపిస్తుంది. అందుకే చేతిది ఇంటి టైములోనే ఉంచుతాను. పరాయి ఊళ్ళో మణికట్టు చూసుకుంటే విశాఖ కనబడాలి.

ఎంవీపీ మాస్టారు:
అక్కయ్యగారూ, హాయిగా ఉంది. 'వేళ యెరిగి మా' దగ్గర నగం (మూడు లఘువుల మీద ఒక గురువు) ఎంత సాఫీగా నడిచిందో! మూడో పాదం చివర 'కావున' అన్న అర్థం ఊహించుకోవాల్సి వచ్చింది, అదొక్కటే వెలితి.

ఇక్కడ వాచీల సంగతి ఒకటి చెప్పాలి. రెండు దేశాల టైము చూపిస్తుందని నాలుగో ముల్లున్న వాచీ కొని సింగపూర్ వెళ్ళేవాళ్ళున్నారు. ఆ ముల్లు రోజుకు ఒక్క చుట్టు తిరుగుతుంది, గంటలే చూపిస్తుంది. నిమిషాల ముల్లు రెండు ఊళ్ళకీ ఒక్కటే. మన టైము గ్రీనిచ్ టైముకు అయిదున్నర గంటలు ముందు గనుక ఆ అరగంట ఎప్పుడూ గీతల మధ్యన ఇరుక్కుంటుంది. అన్నీ నిండు గంటల తేడాలే ఉన్న దేశాలవాళ్ళకి అది పనికొస్తుంది. మనకి అక్కయ్యగారి పద్ధతే మేలు.

దొండపర్తి:
తే.గీ.
బొఱ్ఱగుహలందు దీపాలు పోయినపుడు
కాలమెంతయో తెలియక కాళ్ళు వణుక
మెఱుపు ముళ్ళది లేకున్న మీకు రైలు
తప్పు, జూపెడు గడియార మొప్పు సుమ్మి

విరుపు చూడండి. బొర్రా గుహల మీదుగా అరకు వెళ్ళే మన కిరండోల్ పాసింజర్ కోసం రాసింది.

లాసన్స్ బే:
అబ్బ! 'రైలు' అని పాదం విరిచి 'తప్పు' కింద పడేశారు. సమస్యలో తప్పే లేకుండా చేశారు అన్నయ్యగారూ!

ఎంవీపీ మాస్టారు:
విరుపు బాగుంది, కాదనను. కానీ 'తప్పు' దగ్గర వాక్యం ఆగిపోయాక 'చ' బదులు 'జ'తో 'జూపెడు' అని సరళం ఎలా వచ్చింది? ఆగిన చోట 'చూపెడు' కావాలి గదా.

దొండపర్తి:
మాస్టారూ, 'రైలు తప్పున్' అని క్రియ. ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్నది. దాని మీద పరుషం 'చ' సరళం 'జ' అయింది. నిర్వాహకుల పాదంలో 'తప్పున్' ద్వితీయ, నా పద్యంలో క్రియ. రెండిటికీ ద్రుతం ఉంది కాబట్టే ఈ విరుపు నిలబడింది. అది చూసుకునే రాశాను.

ఎంవీపీ మాస్టారు:
సరే, ద్రుతం నిలబడింది. మరి 'జూపెడు' అంటే ఏమి చూపెడు? కర్మ ఏది? రెండో పాదంలోని 'కాలము'ను అంత దూరం నుంచి లాక్కురావాలి. మీ పూరణల్లో ఎప్పుడూ ఇదే. ఎత్తుగడ గట్టిగా ఉంటుంది, అన్వయం పాఠకుడి మీద వదిలేస్తారు. 'ఇసుక లేనట్టి తీరమే యింపు గొలుపు' సమస్యకు మీరేం రాశారో గుర్తుందా?

గోడమీదను బటమున గూర్చినట్టి
ఇసుక లేనట్టి తీరమే యింపు గొలుపు

పటంలో తీరం ఉంటే పటంలో ఇసుకా ఉంటుంది. లేనిదల్లా మన చెప్పుల్లో ఇసుక. ఆ మాట పద్యంలో లేదు.

దొండపర్తి:
ఆ పూరణకి అప్పుడు పదిమంది శభాష్ అన్నారు. పటం చూసేవాడి కాలికి ఇసుక అంటదని అందరికీ అర్థమైంది. మాస్టారికి ఒక్కరికే అర్థం కాలేదంటే తప్పు పటంలో లేదు.

నిర్వాహకులు:
ఇసుక సంగతి ఆ దారంలోనే తేల్చుకోండి. ఇక్కడ వాచీలు.

దొండపర్తి:
వాచీల మాటే చెబుతాను. రేడియం ముళ్ళు అని మనం ఇంకా అంటాం గానీ ముళ్ళకి రేడియం పూయడం మానేసి దశాబ్దాలైంది. ఇప్పటి పూత వెలుతురు తాగి చీకట్లో కక్కుతుంది. బొర్రా గుహల్లోకి దిగే ముందు ఆ వాచీని కాసేపు ఎండలో చూపించాలి. చొక్కా చేతి కింద దాచుకుని దిగితే లోపల ఏమీ వెలగదు. నీళ్ళలోకి దిగేవాళ్ళ వాచీలకు ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. కటిక చీకట్లో జానెడు దూరం నుంచి టైము తెలియాలన్నది అందులో ఒక షరతు. అరకు వెళ్ళేవాడికి కూడా అలాంటిదే సరైన వాచీ అని నా అభిప్రాయం.

భీమిలి బాబు:
పెద్దలందరికీ నమస్కారం. నా ప్రయత్నం.
తే.గీ.
పెండ్లికిచ్చిన పసిడిది పెట్టె నుంచి
సంద్రమందున మున్గగా జౌకవాచి
రెండు నిమిషాలు వెనుకను నడచెనేని
తప్పు జూపెడు గడియార మొప్పు సుమ్మి

సీతమ్మధార:
తమ్ముడూ, ఊహ చాలా నచ్చింది. మామగారు పెట్టిన బంగారు వాచీ ఇంట్లో, సముద్రానికి చౌకది. సెలవులకు ఎవరైనా చేయాల్సింది అదే. కానీ రెండో పాదంలో 'సం', 'జౌ' అంత అందంగా కుదిర్చిన చెయ్యి మూడో పాదంలో 'రెం'కు 'న' ఎలా వేసింది? పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన యతి లేదక్కడ. ఇలా మార్చి చూడు:

నడచినను రెండు నిమిషాలు నత్తవోలె

ఎంవీపీ మాస్టారు:
'నత్తవోలె' భేష్. 'నడచెనేని' అంటే 'నడిస్తేనే ఒప్పు' అన్నట్టు వచ్చేది, 'నడచినను' అనడంతో అర్థం కూడా దారికొచ్చింది. ఒక్క సవరణతో రెండు పనులు. మొదటి పాదం చివర మరొక చిక్కుంది. 'పెట్టె నుంచి' అంటే పెట్టెలో ఉంచి అని నువ్వనుకున్నావు. చదివేవాడికి పెట్టెలోంచి తీసి అని తోస్తుంది, బంగారు వాచీ సముద్రం పాలవుతుంది! 'పెట్టెబెట్టి' అను. గణం చెడదు, యతి కదలదు.

భీమిలి బాబు:
రెండు సవరణలూ తీసుకుంటున్నాను మాస్టారూ, అక్కా. ఒక సందేహం. నా చౌక వాచీ వెనక 30 మీటర్లు అని చెక్కి ఉంది. దాంతో ఋషికొండలో ఈత కొట్టొచ్చా?

దొండపర్తి:
వద్దు బాబూ. ఆ 30 మీటర్లు కదలని నీటి ఒత్తిడి లెక్క. చేతులు కడుక్కుంటే, చినుకులు పడితే తట్టుకుంటుంది, అంతే. ఈతకు 100 మీటర్లన్నా రాసి ఉండాలి, పక్కన కీ తిప్పే బొడిపె స్క్రూలా బిగుసుకునేది అయితే ఇంకా మంచిది. నీళ్ళలో ఉండగా ఆ బొడిపె లాగకూడదు. మునిగి వచ్చాక మంచినీళ్ళతో కడిగి తుడువు. మన ఉప్పుగాలికే చెయిన్ల సందులు తుప్పు పడతాయి, ఉప్పునీటి సంగతి చెప్పాలా? తోలు పట్టీ ఉంటే ఇంట్లో వదిలెయ్యి. రబ్బరుదో గుడ్డదో వేసుకో.

రెండో వాచీ కూడా పట్టుకెళ్తానంటే అది బ్యాటరీది అయితే మంచిది. చేతి కదలికతో నడిచే ఆటోమేటిక్ రెండు తీసుకెళ్తే ఒకటి చేతికుంటుంది, రెండోది సంచిలో ఇంచుమించు 40 గంటలకు ఆగి కూర్చుంటుంది. ప్రతి రెండు రోజులకూ తేదీ, టైము సరిచేసుకోవడమే పనవుతుంది.

లాసన్స్ బే:
మా నాన్నగారి హెచ్‌ఎమ్‌టి జనతా ఉంది. లోపలి ఇరుసులకు 17 రాళ్ళున్నది, రోజూ కీ ఇవ్వాలి. 1961లో బెంగళూరులో జపాను సిటిజన్ వారి తోడ్పాటుతో మొదలైన ఫ్యాక్టరీ వాళ్ళది. హెచ్‌ఎమ్‌టి వాచెస్ కంపెనీని 2016లో మూసేశారు. దాన్ని ప్రయాణాల్లో పెట్టుకోను, పోతే మళ్ళీ రాదు. డబ్బు పెట్టి కొనగలిగిందే దారిలోకి వెళ్ళాలి. పోతే కొనలేనిది ఇంట్లోనే ఉండాలి.

సీతమ్మధార:
ఇప్పుడు నా పూరణ.
తే.గీ.
బిడ్డ లండను నగరాన విధుల నుండ
తలను క్రిందుగ నావాచి దాల్చినాను
అచటి సమయమ్ము చక్కగా నగుపడినది
తప్పు జూపెడు గడియార మొప్పు సుమ్మి

పాప దగ్గరకి బయలుదేరే ముందు నుంచే అక్కడి వేళకి అలవాటు పడాలని ఇలా చేశాను. మన టైములో ఉన్న వాచీని తలకిందులుగా కట్టుకుంటే గంటల ముల్లు ఆరు గంటలు, నిమిషాల ముల్లు అరగంట జరుగుతాయి. అయిదున్నర తేడా తేలిపోతుంది. వాచీకి ఏమీ చేయనక్కరలేదు.

దొండపర్తి:
ఇది చదివి నా వాచీ విప్పి తిప్పి చూశాను. నిజం! ఈ వారానికి ఇంతకన్నా మంచి ఊహ రాదు. అంకెలున్న డయల్‌తో కళ్ళు తికమకపడతాయి, వట్టి గీతలున్నది కావాలి. అప్పుడు చూడగానే టైము తెలుస్తుంది.

ఎంవీపీ మాస్టారు:
అమ్మా, ఊహకు నా చప్పట్లు. పద్యానికి మాత్రం రెండు అభ్యంతరాలు. తిప్పినప్పుడు గంటల ముల్లు డయల్ మీద సగం గడి వెనకే ఉంటుంది. ఇక్కడ సరిగ్గా ఎనిమిదైతే అక్కడ రెండున్నర, కానీ ముల్లు నికరంగా రెండు మీదే నిలుస్తుంది. అది చిన్న విషయం. పెద్దది ఇది: మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా లండన్‌లో గడియారాలు గంట ముందుకు జరుపుతారు. అప్పుడు తేడా నాలుగున్నరే. ఈ వేసవి సెలవుల్లో మీ వాచీ గంట తప్పు చెబుతుంది. మూడో పాదం ఇలా ఉంటే ఏ అభ్యంతరమూ ఉండదు:

చలి దినమ్ముల నచటిది చక్కబడును

సీతమ్మధార:
సవరణ బాగుంది మాస్టారూ. నేను వెళ్ళింది డిసెంబరులోనే కాబట్టి నా పాదం నాకు నిజమే. అయినా అందరూ చదివే పద్యానికి మీ పాదమే తగును.

ఎంవీపీ మాస్టారు:
ఇక నాది.
తే.గీ.
ఆలసించితి వనుచును నందరెదుట
మొగముమీదనె చెప్పెడు ముల్లు గలది
చెలిమికానికి సరిజోడు చేతిలోన
తప్పు జూపెడు గడియార మొప్పు సుమ్మి

తప్పు వాచీది కాదు, మనిషిది. దాన్ని దాచకుండా చూపేదే మంచి వాచీ.

భీమిలి బాబు:
మాస్టారూ! మేమందరం వాచీలో తప్పు వెతుకుతుంటే మీరు మా వైపు తిప్పారు. 'చెలిమికాని'తో పోల్చడం మనసుకు పట్టింది.

దొండపర్తి:
పద్యం గొప్పది. మూడు పాదాల్లో ఎక్కడా తడబాటు లేదు, మొ–ము యతి ముచ్చటగా ఉంది. కానీ నిర్వాహకులు ప్రయాణం ఉండాలన్నారు. ఇందులో ప్రయాణం ఎక్కడ మాస్టారూ? నా కర్మ రెండో పాదంలో ఉందని అభ్యంతరం చెప్పారు. మీ ప్రయాణం ఏ పాదంలోనూ లేదు.

ఎంవీపీ మాస్టారు:
ఆలసించింది స్టేషనులో. 'అందరెదుట' అన్నది బండి దగ్గర ఎదురుచూస్తున్న ఇంటిల్లిపాదీ.

దొండపర్తి:
అది పద్యంలో లేదు. పటంలో ఇసుక మీద మీరు నాకు చెప్పిన మాటే ఇది.

నిర్వాహకులు:
దొండపర్తిగారి మాట న్యాయం. మాస్టారి పద్యాన్ని పోటీలో లెక్కించడం లేదు, ఈ పుటలో మాత్రం పైన ఉంచుతాను. ఉంచదగిన పద్యం. సీతమ్మధార గారి ఊహకు ఈ వారం మొదటి స్థానం, విరుపుకు దొండపర్తిగారికి రెండోది.

పోటీకి బయట నాదొకటి, మన ఊరి మీద.
తే.గీ.
కాకినాడకు సరిజేయు కాల మిచట
మూడు నిమిషాలు వెనుకయే, మొదట రవిని
కాంచు మనయూర నెల్లరు గట్టుకొనెడు
తప్పు జూపెడు గడియార మొప్పు సుమ్మి

దేశం టైముకు ఆధారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. మనం 83 డిగ్రీలు దాటి ఉన్నాం. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన, సగటున సూర్యుడు మన నడినెత్తికి వచ్చే వేళ మన వాచీ కన్నా మూడు నిమిషాలు ముందే. బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవాళ్ళ చేతులకున్న ప్రతి వాచీ ఆ కాస్తా వెనకే.

దొండపర్తి:
అయ్యా, ఇది రైల్వేవాడి గుండెను తాకింది. 1906లో ఈ టైము రాకముందు మన రైళ్ళు మద్రాసు టైము మీద నడిచేవి, గ్రీనిచ్‌కు 5 గంటల 21 నిమిషాలు ముందు. ఆ లెక్కన వాల్తేరులో వాచీ సూర్యుడి కన్నా పన్నెండు నిమిషాలు వెనక ఉండేది. మూడు నిమిషాలకు వచ్చామంటే మేలే.

ఎంవీపీ మాస్టారు:
నాలుగు పాదాలూ కుదిరాయి. కాం–గ యతి బాగుంది, 'గట్టుకొనెడు'ను కింది పాదానికి విశేషణంగా దింపిన తీరు ఇంకా బాగుంది. ఒక్కటే మాట. ఆ రేఖ కాకినాడ ఊళ్ళోంచి పోదు, కాస్త తూర్పుగా పోతుంది. 'కాకినాడకు చేరువ' అని ఎక్కడన్నా ఇమిడిస్తే లెక్క కూడా నిక్కమవుతుంది. రేపు సాయంత్రంలోగా నేనే ఒక పాదం కట్టి పెడతాను. దొండపర్తిగారూ, మీరూ ఒకటి కట్టండి. ఎవరిది నిలుస్తుందో చూద్దాం.