అప్‌డేట్: బాబుకి కీలేషన్ కోర్సు అయిపోయింది

మూడేళ్ల మా బాబు రక్తంలో సీసం 52 ఉంది, కీలేషన్ (ఒంట్లో చేరిన సీసాన్ని మందుతో బయటికి పంపే చికిత్స) చేయించాలా వద్దా అని రెండు నెలల కిందట అడిగాను కదా. చేయించాం. డెసిలీటరుకు 45 మైక్రోగ్రాములు దాటితే ఆలస్యం చేయకూడదన్నారు డాక్టరు గారు.

సక్సిమర్ క్యాప్సూల్స్ 19 రోజులు వాడాం. మొదటి 5 రోజులు 8 గంటలకోసారి, మిగతా 14 రోజులు 12 గంటలకోసారి. మూత తీస్తే చాలు, కుళ్ళిన గుడ్డు వాసన! క్యాప్సూల్ విప్పి, లోపలి చిన్న చిన్న పూసల్ని చెంచాడు పండు గుజ్జులో కలిపితే ముక్కు మూసుకుని మింగేవాడు పాపం. అర్ధరాత్రి డోసుకి లేపితే మాత్రం ఒకటే ఏడుపు. మధ్యలో రక్తకణాలు, లివర్ పరీక్షలు చేశారు, బాగానే ఉన్నాయి.

కోర్సు అయ్యేసరికి 21కి దిగింది. ఎంత సంబరపడ్డామో! రెండు వారాలకి చూస్తే మళ్ళీ 33. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఎముకల్లో చేరిన సీసం మెల్లగా రక్తంలోకి వస్తుందట, ఇలా పెరగడం మామూలేనట. ముందే తెలిసుంటే అంత టెన్షన్ పడేవాళ్ళం కాదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

సీసం వచ్చింది కిటికీ చట్రానికున్న పాత పెయింట్ నుంచి. వాడు అక్కడే నిలబడి పెచ్చులు గిల్లేవాడు. మందు మొదలుపెట్టకముందే ఆ ఇల్లు ఖాళీ చేశాం. వచ్చే నెల మళ్ళీ రక్తపరీక్ష ఉంది.